పురుడొద్దన్న ఇల్లు

రాజమహేంద్రవరంలో మేము వాటా అద్దెకు తీసుకున్న రోజున ఇంటావిడ అరుగు మీద కూర్చుని మా ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడిగారు. ఏ ఊరు, ఏ శాఖ, ఎక్కడ ఉద్యోగం. నాలుగోది మాత్రం నా వైపు చూస్తూ అడిగారు. "అమ్మాయికి పుట్టింటివాళ్ళున్నారా?" అదేం ప్రశ్నో నాకర్థం కాలేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఉన్నారండి, నరసాపురం దగ్గర" అనేశారు. నాకు పుట్టిల్లు లేదు. మా అమ్మ రెండో పురుటిలో బిడ్డతో సహా పోయింది. నాన్న మరో రెండేళ్ళకు పోయాడు. పెంచిన మేనమామ నా పెళ్ళి చేసి చేతులు దులుపుకున్నాడు. అబద్ధమాడేటప్పుడు మా ఆయన మొహం ఎంత అమాయకంగా ఉంటుందో ఆ రోజే మొదటిసారి చూశాను.

అది ధాత కరువు వెళ్ళిన మరుసటి సంవత్సరం. దక్షిణాదిన తిండి లేక జనం గోదావరి కాలవల వెంబడి బతకడానికి వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ వెళ్ళలేదు. బియ్యం ధర ఎక్కిన మెట్టు దిగలేదు. పట్నంలో గొడ్ల సావిళ్ళకు తడికలు కట్టి, వాటాలని పేరు పెట్టి అద్దెకిచ్చేవారు. మా అత్తవారిది కోనసీమలో పల్లెటూరు. నలుగురన్నదమ్ములకు రెండు గదుల ఇల్లు. మా వంతుకు వసారాలో ధాన్యం గాదె పక్కన చోటు వచ్చింది. గాదెకున్న మర్యాద మాకు లేదు. వాన కురిసి దాని మీద చినుకు పడితే ఇంటిల్లిపాదీ లేచేవారు, మా మీద పడితే మేమే జరిగి పడుకునేవాళ్ళం. మా ఆయనకు గోదావరి ఒడ్డున కలప అడితిలో గుమాస్తా పని దొరకగానే మూట కట్టుకుని వచ్చేశాం. కాబట్టి వెనక్కి వెళ్ళడానికి మాకు ఊళ్ళో చోటు లేదు, పట్నంలో ఈ ఒక్క గది ఉంది.

ఇంటావిడను అందరం మామ్మగారనేవాళ్ళం. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. ఆ మండువా ఇల్లొక్కటే ఆవిడకు ఆస్తి, దాని మీద వచ్చే అద్దే ఆవిడకు అన్నం. ముందు గదిలో ఆవిడ, పడమటి గదిలో ముగ్గురు పిల్లల సంసారం, పెరటి వైపు గదిలో మేము. సామాను దింపుకున్న సాయంత్రమే ఆవిడ నన్ను పిలిచి మాట చెప్పేశారు. "అమ్మాయ్, ముందే చెబుతున్నాను, తరవాత నన్ననుకోకు. ఈ ఇంట్లో పురుడు పొయ్యనివ్వను. కడుపొస్తే పుట్టింటికి వెళ్ళిపోవాలి. కాదంటే వాటా ఖాళీ చేసెయ్యాలి."

ఆవిడను తిట్టుకుందామంటే కారణం కూడా చెప్పారు. అంతకు ముందు అద్దెకున్న ఒక ఇల్లాలు ఆ ఇంట్లోనే పురుటిలో పోయిందట. పోయిన నక్షత్రం ధనిష్ఠ. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇంటికి ఆరు నెలలు తాళం పెట్టాలి, అందులో ఎవరూ మసలకూడదు. అద్దెవాళ్ళు పోయారు, అద్దె పోయింది. మామ్మగారు ఆ ఆరు నెలలూ ఎవరెవరి ఇళ్ళలోనో వంట చేసి, వాళ్ళు పడుకోమన్న చోట పడుకుని బతికారు. "నాకు చావంటే భయం లేదే. మళ్ళీ ఒకరి వంటింట్లో పడుకోవాలంటే భయం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు, భయమంటే ఏమిటో తెలుసుననుకునేదాన్ని.

ఆ ఇంట్లో కడుపు దాచడం కుదిరే పని కాదు. నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు బయట చేరితే పెరట్లో కొబ్బరాకుల పాక కింద కూర్చోవాలి. నూతి దగ్గరికి రాకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. మామ్మగారికి మడి ప్రాణం. అందుకని ఎవరు ఎప్పుడు బయట చేరతారో ఆవిడకు తిథులతో సహా జ్ఞాపకం. ఎవరైనా ఆ రోజుకు పాకలోకి రాకపోతే వారం తిరిగేసరికి "ఏమే, ఈ నెల పెరట్లోకి రాలేదేం?" అని అడిగేవారు. మాకు ముందు ఆ గదిలో ఉన్నవాళ్ళను అలాగే పట్టుకున్నారట. ఆ పిల్ల పుట్టిల్లు దూరం, తరవాత ప్రయాణం కుదరదని చెప్పి, నాలుగో నెలకే గది ఖాళీ చేయించి మాకిచ్చారు.

మేము చేరిన అయిదో నెలలో నాకు నెల తప్పింది.

సంతోషం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. భయం వేసింది. మా అమ్మను గుమ్మంలోంచి బయటికి తెచ్చినప్పుడు ఆమె పాదాలు పసుపుపచ్చగా ఉండడం నాకు గుర్తుంది. ఆ భయం ఒకటి. గది పోతుందన్న భయం ఒకటి. ఈ రెండూ వంతులు వేసుకుని నన్ను నిద్రపోనిచ్చేవి కావు. మా ఆయనతో చెబితే ఆయన విస్తరి ముందు చెయ్యి ఆపి, "ఇంకో గది చూస్తాను" అన్నారు. పది రోజులు తిరిగారు. దొరికిన గదులకు అద్దె మాకు చాలదు, మాకు చాలే అద్దెకు గదులు లేవు. ఒకాయన అయితే గది చూపించకుండానే "ఇంట్లో ఆడవాళ్ళకేమైనా విశేషమా?" అని అడిగాడట. ఒక్క మా మామ్మగారే అనుకున్నాను, మా వీధంతా అంతే.

పాకలో కూర్చోవాలన్న ఆలోచన నాదే. నా రోజు రాగానే చాప, చెంబు తీసుకుని వెళ్ళి కూర్చున్నాను, ఏమీ లేకుండానే. మా ఆయన మూడు రోజులూ వంట చేశారు. పప్పు మాడిన వాసన పాక దాకా వచ్చేది. మామ్మగారు దూరం నుంచే నా దోసిట్లో నీళ్ళు పోసి వెళ్ళిపోయేవారు. ఆవిడ అలా వంగి నీళ్ళు పోస్తుంటే నాకు భయం వేసేది. అబద్ధమాడినందుకు కాదు. లేనిదాన్ని ఉందని చెప్పి కూర్చుంటే దేవుడు నిజం చేస్తాడేమోనని. లోపల ఉన్నదానికి అది వినబడి జారిపోతుందేమోనని. చిత్రమేమిటంటే, ఉంటే గది పోతుందని ఏడ్చినదాన్ని, కడుపు పోతుందేమోనని కూడా ఏడ్చాను.

రెండో నెలలో నేను వెళ్ళేసరికి పాకలో పడమటి గది ఆవిడ ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కయ్యా అని పిలిచేదాన్ని. వాళ్ళాయన ఒక ప్లీడరు దగ్గర రాతపని చేసేవాడు. గదిలో ముగ్గురు పిల్లలూ, అక్కయ్యా పడుకునేసరికి చోటైపోయేది, ఆయన అరుగు మీద పడుకునేవాడు. ఇద్దరం చెరో మూలా కూర్చున్నాం. మైలబట్టలు మామూలుగా చాకలి తీసుకుపోతుంది. తీసుకుపోతే ఆమెకు తెలిసిపోతుందని, మూడో రోజు తెల్లవారుజామున మామ్మగారు గోదావరి స్నానానికి వెళ్ళగానే నేనే ఉతుక్కుందామని బండ దగ్గరికి వెళ్ళాను. నా వెనకే అక్కయ్య కూడా వచ్చి, బండకు అటువైపు కూర్చుంది. ఆమె ఉతుకుతున్న గుడ్డ చూశాను. ఆమె నా గుడ్డ చూసింది. రెండింటి మీదా మరక లేదు.

"ఎన్నో నెలే?" అంది.

"రెండోది" అన్నాను.

"నాకూ అంతే" అని గుడ్డ పిండి ఆరేసింది. తరవాత పాకలోకి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మడి కోసం ప్రాణమిచ్చే మనిషి ఇంట్లో ఇద్దరం శుభ్రంగా మైల పడి కూర్చున్నాం కదా అని. అంతలోనే ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఆమెకు పుట్టిల్లు ఉంది. మూడు పురుళ్ళూ అక్కడే జరిగాయి. మూడోసారి వెళ్ళినప్పుడు వాళ్ళ వదిన, "ఇంకోసారి రాకండి వదినగారూ, మాకూ పిల్లలున్నారు" అని బియ్యపు బాన మీద మూత పెడుతూ చెప్పిందట. "నాకు పిల్లలంటే విసుగు కాదు చెల్లాయ్. నాలుగోవాడిని ఎక్కడ పడుకోబెట్టను? చెప్పు. ఇక్కడికొచ్చే ముందు రోజు జానలు పెట్టి కొలిచి చూశాను" అంది. కొలిచానన్నప్పుడు ఆమె చెయ్యి గాలిలో జానలు వేసింది. ఆ చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది.

కొవ్వూరులో మందిచ్చే మనిషి ఉందని ఆమెకు ఎవరో చెప్పారు. గోష్పాద క్షేత్రంలో స్నానానికని మామ్మగారితో చెప్పి ఇద్దరం పడవెక్కాం. "వెళ్ళండి వెళ్ళండి, పుణ్యం" అన్నారావిడ. రేవు దాటిన తరవాత తాటాకు గుడిసె. అందులో ముసలామె మమ్మల్ని లోపలికి రమ్మనలేదు, మా మొహాలు చూసే విషయం గ్రహించింది. అరిటాకు ముక్కల్లో రెండు పొట్లాలు కట్టి ఇస్తూ, "మూడో నెల దాటాక నా కాడికి రాకండమ్మా, నేనేం చెయ్యలేను" అంది. తిరుగు పడవలో నేను నీటి వైపు చూడలేదు. పొట్లం నా నడుం దగ్గర కొంగులో ఉంది. అది బరువేమీ లేదు, అయినా పడవ ఆ వైపే ఒరుగుతోందనిపించింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చూపించాను. వద్దంటారనుకున్నాను. పొట్లాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, "నీ ఇష్టం" అన్నారు. ఇంత పెద్ద ఊళ్ళో నా ఇష్టానికి కాళ్ళు చాపుకునే చోటు లేదు గాని, దీనికి మాత్రం నా ఇష్టం కావలసి వచ్చింది. ఆ మాటకు నేను ఆయన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. ఆయనకూ భయమేనని తరవాతెప్పుడో తెలిసింది.

మూడో నెల. ఇద్దరం పాకలో చేరాం. ఉపాయం అక్కయ్యది. ఈసారి నిజంగానే రక్తం పోతుంది, ఎవరికీ అనుమానం రాదు, నాలుగో రోజు స్నానం చేసి లోపలికి వెళ్ళిపోతాం. నేను నా పొట్లం విప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆగు. నేను ముందు తాగుతాను. ముగ్గుర్ని కన్నదాన్ని, నా ఒళ్ళు తట్టుకుంటుంది. నాకేం కాకపోతే రేపు నువ్వు తాగుదువుగాని."

చెంబులో నీళ్ళు కలుపుకుని తాగేసింది. చేదుగా ఉందని మొహం చిట్లించింది. వాళ్ళ రెండోవాడు పెరటి గుమ్మంలోకి వచ్చి ఆకలన్నాడు. "నాన్నగారినడుగు, నన్ను ముట్టుకోకు" అని పంపేసింది.

తెల్లవారి పొద్దెక్కేసరికి మొదలయింది. ముందు మామూలుగానే ఉంది. తరవాత ఆగలేదు. నా చీర చెంగు ఇచ్చాను, చాప ఇచ్చాను, అది కూడా తడిసింది. ఆమె పెదవులు తెల్లబడుతున్నాయి. మామ్మగారు లోపల పూజలో ఉన్నారు, గంట వినిపిస్తోంది. నేను లేచి నిలబడ్డాను. అక్కయ్య నా కాలి కడియం పట్టుకుని, "కేకెయ్యకే. ఇల్లు పోతుంది. పిల్లల్ని తీసుకుని ఎక్కడికెళ్తాం? కాసేపట్లో ఆగిపోతుంది" అంది.

నేను కేక వేయలేదు.

ఈ మాట రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది. ఆమె ఆపిందని చెప్పుకోవచ్చు. కాని ఆమె వేళ్ళలో అప్పటికే బలం లేదు, కాలు విదిలిస్తే ఊడిపోయేవి. నేను విదల్చలేదు. కేక వేస్తే మామ్మగారొస్తారు, పొట్లం బయటపడుతుంది, ఆమె గది పోతుంది, దాని వెనకాలే నా గది పోతుంది. అన్నం ఉడికేంత సేపు నేను ఆ పాకలో నిలబడి నా గది గురించి భయపడ్డాను. చివరికి ఆమె "చలిగా ఉంది" అంది. ఎండలో కూర్చుని చలి అన్న తరవాత నా గొంతు దానంతటదే లేచింది.

మామ్మగారు తడి మడిబట్టతో పరిగెత్తుకొచ్చారు. నూతి దగ్గర ఆగుతారనుకున్నాను. ఆగలేదు. నీడ కూడా తగలనివ్వని మనిషి పాకలోకి వచ్చి, ఆ రక్తంలో కూర్చుని, అక్కయ్య తల ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కన పడి ఉన్న అరిటాకు ముక్క చూశారు. నా వైపు చూశారు. ఆ ముక్కను గుప్పిట్లో నలిపి బొడ్లో దోపుకున్నారు. వైద్యుడొచ్చాడు, నాడి చూశాడు, వెళ్ళిపోయాడు. దీపాలు పెట్టే వేళ కాకముందే అక్కయ్య పోయింది. "చావొస్తుందనేగా వద్దన్నాను. అందుకేగా వద్దన్నాను" అని మామ్మగారు ఎవరితోనో అంటున్నట్టు అంటూనే ఉన్నారు.

పురోహితుడు వేళ్ళ మీద లెక్క వేసి ధనిష్ఠ అన్నాడు. నాలుగు రోజుల్లో ఇల్లు ఖాళీ అయింది. మామ్మగారు ఒక్క చెంబు, ఒక్క మూట పట్టుకుని ఎవరి వంటింటికో వెళ్ళిపోయారు. వెళ్తూ నన్నేమీ అడగలేదు. అక్కయ్య భర్త మాత్రం పిల్లల్ని బండిలో ఎక్కించాక నా దగ్గరికొచ్చి, "ఏమయిందమ్మా? బయట చేరడమే కదా, మామూలుగా చేరడమే కదా? మీతో ఏమన్నా చెప్పిందా?" అని అడిగాడు. నా పొట్లం నా కొంగులోనే ఉంది. "ఏం చెప్పలేదండి" అన్నాను. ఆయన తలాడించి బండెక్కాడు. వాళ్ళను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం నా పొట్లాన్ని గోదావరిలో వదిలేశాను. ధైర్యం వచ్చి కాదు. చచ్చిపోతానన్న భయం గది పోతుందన్న భయం కంటే పెద్దదయింది, అంతే.

అడితి యజమాని మా ఆయన బతిమాలితే టేకు దుంగల మధ్య తాటాకులతో ఓ గూడు వేసుకోనిచ్చాడు. అక్కడే నా కూతురు పుట్టింది, గోదావరి ఎర్రనీళ్ళతో గట్టు మీదికి వస్తున్న రోజుల్లో. నొప్పులు పడినంతసేపూ నాకు కళ్ళ ముందు మా అమ్మ పాదాలే. మంత్రసాని "ఆడపిల్లమ్మా" అన్నప్పుడు నేను పిల్లను చూడలేదు, రక్తం ఆగిందా అని అడిగాను. ఆ తరవాత మరో గదికి మారాం, ఇంకో గదికి మారాం. రెండో బిడ్డ వద్దనుకున్నాం. వద్దనుకోవడానికి మాకు తెలిసిన దారి ఒకటే, ఆయన అరుగు మీద, నేను లోపల. అలా పాతికేళ్ళు నిండకుండానే ముసలివాళ్ళమయ్యాం. చుట్టాలు "ఒక్కతేనా?" అంటే భగవంతుడి దయ అనేదాన్ని.

ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. ఎక్కడెక్కడి మేస్త్రీలో, కంపెనీ గుమాస్తాలో దిగారు. కరువు నాటి అద్దెలే నయమనిపిస్తున్నాయి. మా అల్లుడు కూడా వంతెన పనిలోనే గుమాస్తా. వాళ్ళకొక గది, ఏడాది నిండిన పిల్ల. మొన్న ఏకాదశి నాడు మా అమ్మాయి ఒక్కతీ వచ్చింది. పిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టి, తల దువ్వుకుంటూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, నాకు మళ్ళీ నెల తప్పింది. ఇంటివాళ్ళు ఇంకో పసిపిల్లయితే వీల్లేదంటున్నారు. ఆయన నీ ఇష్టం అంటున్నారు. నీకెవరైనా తెలుసా, మందిచ్చేవాళ్ళు?"

ఒళ్ళో పిల్లను దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పనిదంతా. పాక చెప్పాను, బండ చెప్పాను, నేను కేక వేయని సంగతి కూడా చెప్పాను. "ఆమె ముందు తాగింది. నేను ముందు తాగి ఉంటే నువ్వు లేవు, నేనూ లేనేమో" అన్నాను. మా అమ్మాయి దువ్వెన కింద పెట్టింది. "అయితే ఏం చెయ్యను?" అంది.

"పురిటికి నా దగ్గరికి రా. నీకు పుట్టిల్లుంది" అన్నాను.

ఆమె ఈ గది నాలుగు గోడల వంకా చూసింది. మేము ఇప్పటికీ అద్దె వాటాలోనే ఉన్నాం. "మీ ఇంటివాళ్ళు ఒప్పుకుంటారా అమ్మా?"

"ఒప్పుకోకేం. నేనడుగుతాను" అన్నాను. ఆ మాటకు దాని మొహం తేటపడింది. పిల్లనెత్తుకుని వెళ్ళిపోయింది.

అది జరిగి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ఇంటావిడ పొద్దున్నా సాయంత్రమూ నూతి దగ్గర కనిపిస్తూనే ఉంది. నేనింకా అడగలేదు.